సమాచార గృహప్రవేశం

ఉద్దేశం

వాణిజ్య సంస్థ తన సమాచార వ్యవస్థను సొంత యంత్రశాల నుంచి క్లౌడ్‌కు తరలించేటప్పుడు పాటించవలసిన క్రమాన్ని, వహించవలసిన జాగ్రత్తలను వాస్తవ ఉదాహరణల ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ సందర్భం

ఒకనాడు వర్తకుని సర్వస్వం చిట్టా, ఆవర్జా పుస్తకాలలో ఉండేది. సాయంకాలం కొట్టు కట్టేవేళ వాటిని భోషాణంలో భద్రపరచి, తాళపుచెవి మొలలో దోపుకొని అతడు ఇంటికి వెళ్లేవాడు. నేడు ఆ పుస్తకాల స్థానాన్ని సర్వర్లు ఆక్రమించాయి. సరుకు నిల్వ, ఖాతాదారుల వివరాలు, రావలసిన బాకీలు, చెల్లించవలసిన పన్నులు అన్నీ వాటిలోనే ఉంటాయి. 21వ శతాబ్దంలో ఆ సర్వర్లను సైతం సొంత గదిలో ఉంచుకోకుండా, వేరొక సంస్థ నిర్వహించే విశాలమైన యంత్రశాలలో అద్దెకు తీసుకొనే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. దీనినే క్లౌడ్ అంటున్నారు. తన భోషాణాన్ని పరుల ఇంట ఉంచడం వంటి ఈ నిర్ణయాన్ని ఎంత ఆలోచించి తీసుకోవాలో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

పెద్దలు ఉత్తరం రాసేటప్పుడు యోగక్షేమాలు తెలియజేయమని కోరడం మన ఆనవాయితీ. కుశలం అనే అర్థంలో స్థిరపడిన ఈ జంటపదంలో నిజానికి రెండు వేరువేరు భావాలున్నాయి. లేనిదానిని పొందడం యోగం. పొందినదానిని కాపాడుకోవడం క్షేమం. క్లౌడ్‌కు తరలిపోదలచిన సంస్థ ముందు నిలిచే ప్రశ్నలన్నీ ఈ రెండు మాటలలో ఇమిడిపోతాయి. కొత్త చోట ఏమి లభిస్తుంది? పాత చోట ఉన్నది పోకుండా ఎలా కాపాడుకోవాలి? మొదటి ప్రశ్నకు సమాధానం సేవను అమ్మేవారే చెబుతారు. రెండవదానికి సమాధానం తరలే సంస్థ స్వయంగా వెదుక్కోవాలి. తరలింపు ప్రణాళిక అంటే ప్రధానంగా ఆ రెండవ ప్రశ్నకు ముందుగా రాసుకొన్న సమాధానమే.

అద్దె ఇంటి సౌలభ్యం

సొంత సర్వర్లు గల సంస్థకు సొంత ఇంటివానికి ఉండే బాధ్యతలన్నీ ఉంటాయి. యంత్రాలు కొనాలి, వాటికి చల్లని గది ఏర్పరచాలి, కరెంటు పోతే జనరేటరు సిద్ధంగా ఉండాలి, చెడిన భాగాలు మార్చే మనుషులుండాలి. పండుగ రోజుల్లో వచ్చే రద్దీకి సరిపడా యంత్రాలు కొంటే, మిగిలిన రోజుల్లో వాటిలో సగం ఊరకే తిరుగుతూ ఉంటాయి. అమెరికాకు చెందిన అమెజాన్ సంస్థ 2006లో నిల్వ సేవను, గణన సేవను బయటివారికి అద్దెకు ఇవ్వడం ప్రారంభించింది. అప్పటి నుంచి అవసరమైనన్ని యంత్రాలను అవసరమైనన్ని గంటలు మాత్రమే తీసుకొని, వాడినంతకే చెల్లించడం సాధ్యమైంది. దీనివలన కలిగే యోగం స్పష్టమే. అయితే పొలం కౌలుకు తీసుకొన్నంత మాత్రాన పంట ఇంటికి రాదు. అద్దె ఇల్లు దొరికినంత మాత్రాన సంసారం దానంతట అది సర్దుకోదు.

మూడు రోజుల స్తంభన

నెట్‌ఫ్లిక్స్ సంస్థ 1997లో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఏర్పడింది. నేడు అది ఇంటింటా తెర మీద సినిమాలు చూపే సంస్థగా ప్రసిద్ధమైనా, తొలి రోజుల్లో దాని వ్యాపారం వేరు. చందాదారులు కోరిన సినిమాల డీవీడీలను తపాలా ద్వారా పంపి, చూసిన తరువాత తిరిగి తీసుకొనేది. ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూపడం 2007లో మొదలుపెట్టింది. 2008 నాటికి దానికి 80 లక్షలకు పైగా చందాదారులున్నారు. ఎవరికి ఏ డీవీడీ పంపాలో తెలిపే వివరాలన్నీ సంస్థ సొంత యంత్రశాలలోని డేటాబేస్‌లో ఉండేవి.

2008 ఆగస్టులో ఆ డేటాబేస్ చెడిపోయింది. గిడ్డంగులలో డీవీడీలు ఉన్నాయి, పంపే మనుషులున్నారు, తీసుకువెళ్లే తపాలా ఉంది. ఎవరికి ఏది పంపాలో చెప్పే పుస్తకం మాత్రం తెరుచుకోలేదు. ఫలితంగా మూడు రోజులపాటు ఒక్క డీవీడీ కూడా బయలుదేరలేదు. నూలుపోగు తెగితే మగ్గం ఆగినట్లు, ఒక్కచోట కలిగిన లోపం మొత్తం వ్యాపారాన్ని స్తంభింపజేసింది.

ఈ అనుభవం సంస్థ పెద్దలకు ఒక సత్యాన్ని బోధించింది. యంత్రం ఎంత పెద్దదైనా, ఎంత ఖరీదైనదైనా, దాని మీదే సమస్తం ఆధారపడితే అదే ఏకైక బలహీనత అవుతుంది. పెద్ద యంత్రం ఒక్కటి కొనడానికి బదులు, ఒకటి చెడితే మరొకటి అందుకొనే విధంగా అనేక చిన్న యంత్రాల మీద పని పంచడం మేలని వారు నిశ్చయించారు. అందుకు అమెజాన్ క్లౌడ్‌ను ఎంచుకొన్నారు. ఖర్చు తగ్గించుకోవడం ఆ నిర్ణయానికి ప్రధాన కారణం కాదు. క్షేమమే ప్రధాన కారణం.

ఉన్నది ఉన్నట్లా, కొత్తగానా?

ఇల్లు మారేవారికి రెండు మార్గాలుంటాయి. గృహోపకరణాలన్నీ యథాతథంగా బండికెత్తి కొత్త ఇంట దించడం ఒకటి. ఏది పనికివస్తుంది, ఏది రాదు అని ఏరుకొని, కొత్త ఇంటి గదులకు తగినట్లు అమర్చుకోవడం మరొకటి. మొదటిది త్వరగా ముగుస్తుంది. కానీ పాత ఇంటి చెదలు కూడా పెట్టెలతోపాటే కొత్త ఇంటికి చేరుతాయి.

నెట్‌ఫ్లిక్స్ రెండవ మార్గాన్ని అనుసరించింది. ఒకే ముద్దగా ఉన్న తన సాఫ్ట్‌వేర్‌ను వందలాది చిన్న సేవలుగా విడదీసి తిరిగి నిర్మించుకొంది. అన్వేషణకు ఒక సేవ, సిఫారసులకు ఒక సేవ, చందా లెక్కలకు మరొక సేవ. వీటిలో ఒకటి ఆగినా మిగిలినవి నడుస్తూనే ఉంటాయి. ఈ పనికి దాదాపు ఏడేళ్లు పట్టింది. 2016 జనవరిలోగాని తరలింపు పూర్తికాలేదు.

ప్రతి సంస్థకూ అంత వ్యవధి, అంత ధనం ఉండవు. తక్కువ విలువ గల పాత సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్లు తరలించడంలో తప్పులేదు. కొన్నింటిని ఆపివేయడమే ఉత్తమం. ఏది ఏ కోవకు చెందుతుందో తరలింపుకు ముందే తేల్చుకోవడం ముఖ్యం.

ముందేది, వెనుకేది?

తరలింపులో క్రమమే ప్రాణం. పొరపాటు జరిగినా పెద్దగా నష్టం లేని భాగాలను ముందు పంపి, వాటి ద్వారా అనుభవం గడించి, ప్రాణప్రదమైనవాటిని చివర పంపడం వివేకం. నెట్‌ఫ్లిక్స్ తన చందాల వసూలు వ్యవస్థను చిట్టచివరకు ఉంచుకొంది. డబ్బు లెక్కలలో పొరపాటు చందాదారుని విశ్వాసాన్ని పోగొడుతుంది గనుక ఆ ఒక్క వ్యవస్థనే అంచెలవారీగా తరలించింది. కొత్తగా సేవలు ప్రారంభించిన దేశాల లెక్కలను మొదట క్లౌడ్‌లో నడిపి, ఆ తరువాత పాత దేశాల లెక్కలను చేర్చి, చివరకు పాత యంత్రశాలకు స్వస్తి చెప్పింది. అదే 2016 జనవరిలో ఒకేసారి 130కి పైగా కొత్త దేశాలకు తన సేవలను విస్తరించింది.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ బ్రిటన్‌లో కనిపిస్తుంది. అది క్లౌడ్ తరలింపు కాకపోయినా, వ్యవస్థను మార్చే ప్రతి సంస్థకూ పాఠం వంటిది. అక్కడి టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో దాదాపు 52 లక్షల ఖాతాదారుల వివరాలను పాత వ్యవస్థ నుంచి కొత్త వ్యవస్థకు ఒక్కసారిగా మార్చింది. వివరాలు క్షేమంగానే చేరాయి. కానీ వాటిని మోయవలసిన కొత్త వ్యవస్థ తెరిచిన వెంటనే తడబడింది. ఎందరో తమ ఖాతాలను తెరవలేకపోయారు. పరిస్థితి పూర్తిగా చక్కబడేసరికి ఆ సంవత్సరం డిసెంబరు వచ్చింది. నియంత్రణ సంస్థలు 2022లో ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి. సామాను చేరడం వేరు, ఇల్లు నివాసయోగ్యం కావడం వేరు అని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

కోతికి అప్పగించిన పని

తరలిన తరువాత అంతా సవ్యంగా సాగుతుందని ఆశించడం మానవ సహజం. నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు అలా ఆశించలేదు. కేయాస్ మంకీ అనే చిత్రమైన ప్రోగ్రామును వారు తయారుచేశారు. తోటలో చొరబడిన కోతి ఏ కొమ్మ విరుస్తుందో తెలియనట్లు, ఆ ప్రోగ్రాము నడుస్తున్న సర్వర్లలో ఏదో ఒకదానిని హఠాత్తుగా ఆపివేస్తుంది. అదీ ఇంజనీర్లందరూ పనిలో ఉండే పగటివేళలోనే. ఎవరూ లేని అర్ధరాత్రి రాబోయే ఆపదను, అందరూ ఉన్న పట్టపగలే ముందుగా రప్పించి ఎదుర్కోవడం ఇందులోని కిటుకు.

అయినా వారికి మరొక పరీక్ష ఎదురైంది. 2012 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజు, అమెజాన్ వారి తూర్పు అమెరికా కేంద్రంలో ఒక ఉద్యోగి పొరపాటువలన రద్దీని సర్వర్లకు పంచే వ్యవస్థకు చెందిన సమాచారం చెరిగిపోయింది. కుటుంబాలన్నీ సినిమా చూడాలని కూర్చొన్న సాయంత్రం ఎన్నో టీవీలలో నెట్‌ఫ్లిక్స్ పనిచేయలేదు. ఒక్క సర్వరు చెడితే తట్టుకోవడం నేర్చినవారు, ఒక ప్రాంతమంతా చెడితే తట్టుకోవడం ఇంకా నేర్వలేదు. ఆ తరువాత వారు తమ సేవలను ఒకటికంటే ఎక్కువ ప్రాంతాల నుంచి ఏకకాలంలో నడిపే ఏర్పాటు చేసుకొన్నారు. ఒక ప్రాంతం మొత్తం పోయినట్లు భావించి కసరత్తులు కూడా చేశారు. 2015 సెప్టెంబరులో అదే తూర్పు కేంద్రంలో మళ్లీ అంతరాయం కలిగినప్పుడు, ఆ కసరత్తు ఫలితంగా రద్దీని ఇతర ప్రాంతాలకు మళ్లించి త్వరగా తేరుకోగలిగారు.

విత్తనపు గింజలు

మన రైతు తిండిగింజలను గాదెలో పోసినా, విత్తనపు గింజలను వేరుగా భద్రపరుస్తాడు. గాదెకు ఏ ఆపద వచ్చినా మరుసటి ఏరువాక ఆగకూడదని అతని ముందుచూపు. సమాచారానికి బ్యాకప్ అటువంటి విత్తనపు మూట. అయితే దానిని గాదె పక్కనే ఉంచితే ప్రయోజనం లేదు.

2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశంలోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ సంస్థకు చెందిన క్లౌడ్ యంత్రశాలలో అగ్నిప్రమాదం సంభవించింది. ఐదంతస్తుల భవనం ఒకటి పూర్తిగా దగ్ధమైంది, పక్క భవనంలో కొంత భాగం దెబ్బతింది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరగలేదు. వేరొక ఊరిలో బ్యాకప్ ఉంచుకొన్న సంస్థలు తేరుకొన్నాయి. అసలు, నకలు రెండూ అదే ఆవరణలో ఉంచిన కొన్ని సంస్థల సమాచారం బూడిదైపోయింది. క్లౌడ్ అనే పేరు విని సమాచారం ఆకాశంలో తేలుతుందని భ్రమించరాదు. అది భూమి మీద, ఒక ఊరిలో, ఒక కప్పు కింద ఉన్న యంత్రంలోనే ఉంటుంది. నిప్పు, నీరు దానికీ శత్రువులే.

తాళపుచెవి ఎవరిది?

అద్దె ఇంటి గోడ కూలితే బాధ్యత యజమానిది. తలుపు తెరిచి ఉంచితే బాధ్యత అద్దెకున్నవారిది. క్లౌడ్‌లోనూ ఇదే న్యాయం. భవనం, విద్యుత్తు, యంత్రాలు సేవాసంస్థ చూసుకొంటుంది. ఎవరికి ప్రవేశం ఇవ్వాలి, ఏ తలుపు మూసి ఉంచాలి అన్నది వాడుకొనే సంస్థ చూసుకోవాలి. అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు క్లౌడ్‌లో ఉంచిన సమాచారానికి రక్షణ అమరికను సరిగా చేయకపోవడంతో 2019లో ఆ దేశంలోనే దాదాపు 10 కోట్ల మంది వివరాలు పరుల చేతికి చిక్కాయి. మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ ఆ బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

సమాచారం ఏ దేశంలో ఉండాలన్నది కూడా యోచించదగిన విషయం. చెల్లింపుల సమాచారాన్ని భారతదేశంలోనే నిల్వచేయాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు ముంబయిలో 2016లోను, హైదరాబాదులో 2022లోను ప్రారంభమయ్యాయి. అందువలన అసలు ఒక నగరంలో, నకలు వందల కిలోమీటర్ల దూరంలోని మరొక నగరంలో, రెండూ దేశం లోపలే ఉంచుకొనే అవకాశం కలిగింది.

అన్నీ క్లౌడ్‌లోనే ఉండాలన్న నియమమూ లేదు. నెట్‌ఫ్లిక్స్ తన లెక్కలు, సిఫారసులు క్లౌడ్‌లో ఉంచినా, సినిమా దృశ్యాలను ప్రేక్షకులకు చేరవేయడానికి సొంత యంత్రాలనే వాడుతుంది. డ్రాప్‌బాక్స్ సంస్థ వాడుకదారుల ఫైళ్లలో అధికభాగాన్ని క్లౌడ్ నుంచి సొంత యంత్రశాలకు తిరిగి తెచ్చుకొని ఖర్చు తగ్గించుకొంది. అద్దె రోజువారీగా చిన్నదిగా కనిపించినా, ఏళ్ల తరబడి కూడితే సొంత ఇంటి వెలను మించవచ్చు.

టోకు వర్తకుని ప్రణాళిక

ఈ సూత్రాలు పెద్ద సంస్థలకే పరిమితం కావు. ఒక జిల్లా కేంద్రంలో మందుల టోకు వ్యాపారం చేసే సంస్థను ఊహించుకొందాం. చుట్టుపక్కల మందుల దుకాణాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఆ సంస్థ క్లౌడ్‌కు మారదలచినప్పుడు ముందుగా తన వద్ద ఉన్న సాఫ్ట్‌వేర్లు, వాటి మధ్య గల సంబంధాలు జాబితాగా రాసుకోవాలి. సరుకు లెక్క ఆగితే బిల్లు రాదు, బిల్లు రాకపోతే బండి కదలదు. ఈ ముడులు ముందే తెలియాలి.

తరువాత రెండు ప్రశ్నలు వేసుకోవాలి. వ్యవస్థ ఆగిపోతే ఎన్ని గంటలు ఓర్చుకోగలం? ఎంతసేపటి లెక్కలు పోయినా తిరిగి రాసుకోగలం? జీతాల పట్టిక ఒకరోజు ఆగినా నష్టం లేదు. అత్యవసర మందుల నిల్వ తెలిపే పట్టిక గంటసేపు ఆగినా ఎక్కడో ఒక రోగికి ఇన్సులిన్ అందకపోవచ్చు. కాబట్టి రెండింటికీ ఒకే ఏర్పాటు చాలదు. బ్యాకప్ ఎంత తరచుగా తీయాలో, ఎంత ఖర్చు చేయాలో ఈ సమాధానాలే నిర్ణయిస్తాయి.

ఆ పైన కొంతకాలం పాత, కొత్త వ్యవస్థలను జంటగా నడిపి లెక్కలు సరిచూడాలి. బ్యాకప్ తీయడంతో తృప్తిపడక, దాని నుంచి సమాచారాన్ని తిరిగి రాబట్టి చూడాలి. పన్ను దాఖలు గడువు లేని, గిరాకీ తక్కువగా ఉండే రోజును తరలింపుకు ఎంచుకోవాలి. ఏ లోపం కనిపిస్తే వెనుకకు మరలాలో, ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలో ముందే రాసి ఉంచాలి. పాత యంత్రాలను వెంటనే తీసివేయరాదు. వదిలివేసే రోజు వచ్చినప్పుడు వాటిలోని సమాచారాన్ని పూర్తిగా చెరిపివేయాలి.

ముగింపు

ఇల్లు అలకగానే పండుగ కాదని మన సామెత. క్లౌడ్‌లో సర్వరు తెరవడం ఇల్లు అలకడం వంటిది. మూడు రోజులు ఆగిపోయిన నెట్‌ఫ్లిక్స్ ఏడేళ్లు శ్రమించింది. ఆ శ్రమలో అధికభాగం యంత్రాలు మార్చడానికి కాక, అవి చెడిపోయినా సేవ ఆగకుండా చూడటానికే వినియోగమైంది. చెడిపోని యంత్రం ఎక్కడా లేదు. చెడిపోతుందని ముందే అంగీకరించి, ఆ రోజుకు సిద్ధపడిన సంస్థకే యోగంతోపాటు క్షేమం సిద్ధిస్తుంది.

కఠిన పదాలు, అర్థాలు

చిట్టా : ఏరోజుకారోజు జమాఖర్చులు రాసే పుస్తకం
ఆవర్జా : ఖాతాలవారీగా లెక్కలు రాసే పుస్తకం
భోషాణం : విలువైన వస్తువులు భద్రపరిచే పెద్ద పెట్టె
ఆనవాయితీ : వాడుకగా వస్తున్న పద్ధతి
స్తంభన : కదలిక లేకుండా ఆగిపోవడం
యథాతథంగా : ఉన్నది ఉన్నట్లుగా
గాదె : ధాన్యం నిల్వచేసే కట్టడం
ఏరువాక : తొలకరిలో దుక్కి ప్రారంభించడం

వ్యాకరణాంశాలు

సంధులు
గృహోపకరణాలు : గృహ + ఉపకరణాలు : గుణసంధి
అత్యవసర : అతి + అవసర : యణాదేశ సంధి
ఏకైక : ఏక + ఏక : వృద్ధి సంధి
విత్తనపు గింజలు : విత్తనము + గింజలు : పుంప్వాదేశ సంధి

సమాసాలు
యోగక్షేమాలు : యోగమును, క్షేమమును : ద్వంద్వ సమాసం
యంత్రశాల : యంత్రముల యొక్క శాల : షష్ఠీ తత్పురుష సమాసం
ఏడేళ్లు : ఏడు సంఖ్య గల ఏళ్లు : ద్విగు సమాసం

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నెట్‌ఫ్లిక్స్ సంస్థ క్లౌడ్‌కు తరలిన విధానాన్ని వివరించండి.
2. 'తరలింపులో క్రమమే ప్రాణం' అనే వాక్యాన్ని పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. యోగం, క్షేమం అనే పదాల అర్థభేదాన్ని తరలింపుకు అన్వయించండి.
2. కేయాస్ మంకీని పగటివేళలోనే ఎందుకు పనిచేయించారు?
3. స్ట్రాస్‌బర్గ్ అగ్నిప్రమాదం నేర్పే పాఠం ఏమిటి?
4. మందుల టోకు వర్తకుడు వేసుకోవలసిన రెండు ప్రశ్నలు ఏవి? వాటి ప్రయోజనం ఏమిటి?

ఇ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. నెట్‌ఫ్లిక్స్ డేటాబేస్ ఏ సంవత్సరంలో చెడిపోయింది?
2. నెట్‌ఫ్లిక్స్ చివరి వరకు తరలించకుండా ఉంచిన వ్యవస్థ ఏది?
3. హైదరాబాదులో అమెజాన్ క్లౌడ్ కేంద్రం ఎప్పుడు ప్రారంభమైంది?

ఈ. మీ ఊరిలోని ఒక దుకాణం లేదా సహకార సంఘం తన లెక్కలను ఎక్కడ, ఎలా భద్రపరుస్తుందో అడిగి తెలుసుకొని, అవి పోతే ఎన్ని రోజులలో తేరుకోగలదో ఒక పుటకు మించకుండా రాయండి.